గింజ పట్టని మడి

ఒకుమురా గారితో పాటు ఒక పెద్ద పెట్టె ఖాళీగా వచ్చింది.

హాసిని పెళ్ళిచీరలన్నీ సర్దుకొచ్చిన పెట్టెకన్నా పెద్దది. అంత పెట్టె కదా, బరువుంటుందనుకుని తేజేశ్వర్ ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగాడు. అది గాల్లోకి లేచింది, తను సోఫాలో వెల్లకిలా పడ్డాడు. హాసిని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. పెళ్ళయి నాలుగు నెలలే అయింది కాబట్టి మొగుడు కింద పడినా ఆమెకి ముద్దుగానే ఉంది.

ఎనభై ఒక్కేళ్ళ ఒకుమురా గారు మాత్రం నవ్వలేదు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, వాటి ముక్కులు వీధి వైపు తిరిగేలా జతగా పెట్టి, లోపలికొచ్చి నడుము వరకూ వంగాడు. హాసిని కూడా వంగింది. ఆయన ఇంకోసారి వంగాడు. ఆమె ఇంకాస్త వంగింది. ఇలా ఎంతసేపు సాగేదో గానీ, ఆయన వెంట వచ్చిన హరునా అనే అమ్మాయి మధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది.

హరునా జపాన్‌లో కమిసావా అనే చిన్న ఊరి పంచాయతీ ఆఫీసులో గుమాస్తా. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది. కమిసావా కొండల నడుమ ఉంటుందట. మూడు వేల లోపు జనం, మూసేసిన బడి, మనుషులకన్నా ముందే లేచి పండ్లు కోసుకుపోయే కోతులు. అమెరికాలో ట్రాయ్‌ని ఆనుకుని ఉన్న వీళ్ళ మేపుల్ గ్రోవ్‌కీ, ఆ కమిసావాకీ పాతికేళ్ళ కింద కాగితాల మీద సిస్టర్ సిటీలని అక్కచెల్లెళ్ళ వరస కలిపారు. ఆ పాతికేళ్ళ పండగ ఈ శనివారం, లైబ్రరీ ముందు.

అతిథుల్ని ఎవరింట్లో ఉంచాలా అని పండగ కమిటీవాళ్ళు ఊళ్ళో ఒక ఫారం పంచారు. "మీ ఇంట్లో చెప్పులు బయటే విప్పుతారా?" అన్న ప్రశ్నకి అవునని టిక్కు పెట్టింది ఒక్క హాసినే. అలా పెద్దాయన వీళ్ళింటికొచ్చాడు. వీసా వల్ల ఉద్యోగం చెయ్యడానికి లేక, నాలుగు నెలలుగా ఇంట్లో కర్టెన్లు మారుస్తూ కూర్చున్న హాసినికి ఇది పండగే.

"ఇంతకీ పెట్టె ఖాళీగా ఎందుకు?" అంది హాసిని టీ ఇస్తూ.

హరునా మొహం దించుకుంది. "అందులో పన్నెండు కిలోల వరిగడ్డి ఉండేది. మా గుడి ముందు రెండు దేవదారు చెట్లున్నాయి. మొగుడు చెట్టు, పెళ్ళాం చెట్టు అంటాం. ఏటా ఆ రెంటినీ కలుపుతూ గడ్డితాడు కడతాం. ఆ తాడు పేనగలిగినవాళ్ళు ఊళ్ళో తొమ్మిది మంది మిగిలారు. వాళ్ళందరికీ నేర్పింది ఈయనే. మీ లైబ్రరీ ముందు కూడా జంట మేపుల్ చెట్లున్నాయి కదా, వాటికి కడదామని తెచ్చాడు. ఎయిర్‌పోర్ట్‌లో బయటి దేశపు గడ్డి రాకూడదని తీసేసుకున్నారు. చాలా మర్యాదగానే తీసుకున్నారు."

ఒకుమురా గారు చొక్కా జేబులోంచి రసీదు తీసి చూపించాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం. మళ్ళీ అవే మడతల మీద మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మడవడం చూస్తే హాసినికి గుండె చివుక్కుమంది. తొలిసారి విమానం ఎక్కి, ప్రపంచానికి అటు చివర నుంచి ఒక తాడు పేనడానికి వచ్చిన మనిషి!

"గడ్డి నేను తెస్తానని చెప్పండి," అంది హరునాతో. "శనివారంలోపు."

హరునా చెప్పింది. ఆయన వంగాడు. ఈసారి చాలా కిందికి.

రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు తుడుస్తూ తేజ అడిగాడు. "ఏడికెల్లి తెస్తవ్? మిషిగన్‌ల గడ్డివాములు ఉంటయా?"

"ఉంటాయి."

"చూసినవా?"

"చూళ్ళేదు. అయినా ఇంత పెద్ద దేశం. ఐఫోన్ అరగంటలో తెస్తారు, గడ్డి తేలేరా?"

"సరే తల్లీ, ఆర్డర్ పెట్టు. ప్రైమ్‌ల వస్తదేమో."

హాసిని తడిచేత్తో అతని ముక్కు మీద సబ్బునురగ పెట్టింది.

మర్నాడు బుధవారం. పొద్దున్నే ఇద్దరూ ఊరి బయట గుమ్మడికాయలమ్మే పొలానికి వెళ్ళి గడ్డిమోపు ఒకటి కారు వెనక వేసుకొచ్చారు. హాలోవీన్‌కి ఇళ్ళ ముందు పెట్టుకునే బంగారు రంగు మోపు. హాసిని దాన్ని పెరట్లో దింపి, పెళ్ళిలో అడ్డుతెర తీసినట్టు పైనున్న దుప్పటి తీసింది.

ఒకుమురా గారు మోకాళ్ళ మీద కూర్చుని గుప్పెడు తీసుకున్నాడు. రెండు అరచేతుల మధ్య పెట్టి నలిపాడు. గడ్డి టపటపా విరిగి పొట్టులా రాలింది. ఆయన పళ్ళ సందుల్లోంచి సన్నగా గాలి పీల్చాడు.

"బాగుందంటారా?" అంది హాసిని ఆశగా.

హరునా ఇబ్బందిగా కదిలింది. "ఆయన గాలి పీల్చాడంటే... ఇంక ఆ విషయం మాట్లాడకూడదని. ఇది గోధుమగడ్డి అండీ. వరిగడ్డిలా వంగదు."

అప్పుడే కమిటీ పెద్ద బెట్టీ వచ్చింది. డెబ్భై ఏళ్ళు, ఎప్పుడూ నవ్వుమొహం, చేతిలో ఎప్పుడూ ఒక జాబితా. సంగతి విని హాసిని భుజం తట్టింది. "హనీ, దీనికింత బెంగెందుకు? హార్డ్‌వేర్ షాపులో పసుపుపచ్చ నైలాన్ తాడు కొన్నాను. ముందే కట్టేద్దాం. ఈయన వాళ్ళ ఊరి నీలం కోటు వేసుకుని పక్కన కుర్చీలో కూర్చుంటే ఫొటోలు అద్భుతంగా వస్తాయి. తేడా ఎవరికి తెలుస్తుంది?"

హరునా ఆ మాటని ఎంత మెత్తగా చెప్పిందో గానీ, పెద్దాయన "హై" అని, సరేనన్నట్టు తలూపాడు. ఊపి, ఒళ్ళో రాలిన గోధుమపొట్టుని ఒక్కొక్క పరకా ఏరి మోపులో పెట్టసాగాడు. ఆ వేళ్ళు చూసింది హాసిని. కణుపులు కట్టిన వేళ్ళు. అరచేతుల మధ్యలో, మనకి గీతలుండే చోట, ఆయనకి నున్నటి చర్మం. ఆ చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని నైలాన్ తాడు పక్కన కూర్చోవాలట!

"శనివారం దాకా టైముంది కదా," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"శుక్రవారం సాయంత్రం దాకా," అంది బెట్టీ జాబితా మీద ఏదో రాసుకుంటూ.

హాసిని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది: *అర్జెంట్. వరిగడ్డి ఎక్కడైనా దొరుకుతుందా?* నిమిషంలో జవాబులు మొదలయ్యాయి. *బర్రెని కొన్నారా? కంగ్రాట్స్.* *పెళ్ళయిన కొత్తలో ఇలాగే ఉంటుందిలే.* *పాలు మాకూ పొయ్యండి.* ఆ తరవాత ఎవరో: *మన రైతు గారున్నారుగా! జగన్మోహన్ గారూ, పంట కోతకొచ్చిందా?* దాని కింద కడుపుబ్బ నవ్వే బొమ్మలు ఇరవై రెండు. హాసిని లెక్కపెట్టింది. జగన్మోహన్ గారి నుంచి మాత్రం జవాబు లేదు.

"ఎవరాయన?" అంది తేజతో.

"కార్ల గేర్లు డిజైన్ చేస్తడు. మూడేండ్ల సంది పెరట్ల వరి ఏస్తుండు. పిల్లలు ఆడుకునే ఈతటబ్బులల్ల. ఒక్క గింజ పండలె. పార్టీకి పోతే అందరు ఆయననే ఆడుకుంటరు."

"నువ్వు కూడానా?"

తేజ ఫోన్ వైపు చూశాడు. "ఆ ఇరవై రెండుల ఒకటి నాదే."

"వెళ్దాం పద. దార్లో దాన్ని డిలీట్ చెయ్యి."

జగన్మోహన్ గారి ఇంటి తలుపు ఆయన భార్య ఛాయాదేవి తీసింది. జపాన్ పెద్దాయన్నీ, హరునానీ, కొత్తజంటనీ వరసగా చూసి, "వరి చూడ్డానికి వచ్చారా? రండి రండి. ఇదొక టూరిస్ట్ ప్లేస్ అయింది మా ఇల్లు," అంది. "హాసినీ, పెరట్లో గులాబీలు పెంచుకుందాం అన్నానమ్మా. విన్నారా? చేపబొమ్మల టబ్బులు మూడు తెచ్చి నీళ్ళు నింపారు. మా కాలనీ అసోసియేషన్ వాళ్ళు దోమలంటూ రెండు ఉత్తరాలు రాశారు. ఏవండీ, మీ అభిమానులొచ్చారు!"

పెరట్లో మూడు నీలం టబ్బుల్లో నడుము ఎత్తు వరి. సెప్టెంబరు నెలాఖరు ఎండలో ఆ పచ్చదనం కళ్ళలో నిండిపోయేలా ఉంది. పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద, పాంటు మోకాళ్ళ దాకా మడిచి, అరవై దాటిన జగన్మోహన్ గారు కూర్చుని ఉన్నాడు. గ్రూపులో మెసేజ్ చూశాడని ఆయన మొహమే చెబుతోంది.

హాసిని గబగబా విషయం చెప్పింది. తాడు, పెట్టె, నైలాన్, శనివారం.

"గడ్డి ఇస్తానమ్మా, ఎందుకివ్వను," అన్నాడాయన. "కంకి వేశాక. ఇంకో పదిరోజులు ఆగితే పొట్టకొస్తుంది. ఈసారి తప్పకుండా వస్తుంది. నేను నీళ్ళకి హీటర్ కూడా పెట్టాను."

"శనివారానికి కావాలి అంకుల్."

"అయితే కుదరదు. పంట చేతికి రాకముందే కోస్తారా ఎవరైనా? మా తెనాలిలో ఈ మాట అంటే కొట్టేవాళ్ళు."

"ఏవండీ, మూడేళ్ళ నుంచీ ఈ పదిరోజులే చెబుతున్నారు," అంది ఛాయాదేవి. "పోయినేడు పదిరోజుల్లో మంచు పడింది. ముందటేడు తొమ్మిదికే పడింది."

"నువ్వాగు ఛాయా."

ఈ మాటలు జరుగుతుండగా ఒకుమురా గారు ఎవరినీ అడక్కుండా టబ్బు పక్కన గొంతుక్కూర్చున్నాడు. వరి దుబ్బులోకి చెయ్యి పోనిచ్చాడు. ఆకుని వేళ్ళ మధ్య జార్చాడు. ఒక పిలకని అడుగు నుంచి తీసి, బొటనవేలి గోరుతో నిలువునా చీల్చి, లోపల చూశాడు. అందరూ మాటలాపేశారు. ఆయన గాలి పీలుస్తాడేమోనని హాసిని చెవులు రిక్కించింది.

ఆయన మాట్లాడాడు. నెమ్మదిగా, చాలాసేపు. హరునా మధ్యలో ఒకసారి గుటక వేసింది.

"చెప్పమ్మా," అన్నాడు జగన్మోహన్ గారు ఇంగ్లీషులో.

"క్షమించాలి. లోపల కంకి లేదంటున్నాడు. ఈ రకం వెచ్చటి దేశానిదట. ఇక్కడి ఎండాకాలం దీనికి చాలదట. పదిరోజులు ఆగినా, నెల ఆగినా రాదట."

మూడేళ్ళుగా పార్టీల్లో అందరూ నవ్వుతూ అన్నదే ఇది. నవ్వకుండా చెప్పినవాడు ఈయనొక్కడే.

"నాకు తెలుసు," అన్నాడు జగన్మోహన్ గారు చివరికి, తెలుగులో. "పోయిన ఆదివారం నేనూ ఒకటి చీల్చి చూశాను."

"నాతో చెప్పలేదే?" అంది ఛాయాదేవి.

"చెబితే నువ్వు గులాబీలు తెస్తావుగా."

ఒకుమురా గారి మాట ఇంకా అయిపోలేదు. హరునా కొనసాగించింది. "మా ఊళ్ళో గుడి తాడు కోసం ఒక మడి విడిగా ఉంటుందట. దాంట్లో వరిని గింజ పట్టనివ్వరు. పట్టకముందే, ఇలా పచ్చగా ఉన్నప్పుడే కోసేస్తారు. గింజ పడితే సారమంతా గింజలోకి పోతుంది, గడ్డి పెళుసవుతుంది. ఆ మడిలోది ఎవరూ తినరు. ఊళ్ళో బాగా వ్యవసాయం చేసేవాడికే ఆ మడి అప్పజెబుతారు. ఇంత మెత్తటి గడ్డి ఆయన ఈ పదేళ్ళలో చూడలేదంటున్నాడు."

"మర్యాదకంటున్నాడేమో," అన్నాడు జగన్మోహన్ గారు అనుమానంగా.

హరునా గొంతు తగ్గించింది. "ఈయనా? మర్యాదకి అనాలంటే గాలి పీలుస్తాడు. మా మేయర్ గారి పొలం చూసి కూడా గాలే పీల్చాడు."

జగన్మోహన్ గారు స్టూలు మీంచి లేచాడు. ఒక టబ్బు చుట్టూ నడిచాడు. రెండో టబ్బు చుట్టూ నడిచాడు. మూడోదాని దగ్గర ఆగి వరి తలలు నిమిరాడు.

"ఛాయా, గరాజ్‌లో పై అరలో కొడవలి ఉంటుంది చూడు."

తెనాలి నుంచి మూడేళ్ళ కింద తెచ్చిన కొడవలి, తెలుగు పేపరు చుట్టి ఉన్నది ఉన్నట్టే వచ్చింది. దాంతో పాటు ఛాయాదేవి, ఎవరూ అడక్కుండానే, పసుపూ కుంకుమా తెచ్చి టబ్బుల అంచులకి బొట్లు పెట్టింది. నీలం చేపలకి పసుపు బొట్లు. ఒకుమురా గారు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ వంగాడు. జగన్మోహన్ గారు దణ్ణం పెట్టాడు. ఆ తరవాత కొడవలి ఆయన ఈయనకీ, ఈయన ఆయనకీ అందించుకోవడంతో ఐదు నిమిషాలు గడిచింది.

"ఎవరో ఒకరు కొయ్యండి, చీకటి పడుతోంది," అంది ఛాయాదేవి.

మొదటి దుబ్బు జగన్మోహన్ గారే కోశాడు. మిగతావి పెద్దాయన కోసి ఇస్తుంటే, తేజ పెళ్ళిలో అక్షింతల పళ్ళెం పట్టుకున్నంత భయభక్తులతో మోసుకెళ్ళి గరాజ్‌లో పేర్చాడు.

గురు, శుక్రవారాలు జగన్మోహన్ గారి కారు వీధిలోనే ఉంది. గరాజ్‌లో గడ్డికి రాజభోగం. ఎండ తగిలితే పచ్చరంగు పోతుందని తలుపు దించేసి, బట్టలారేసే స్టాండ్ల మీద పలచగా పరిచి, మూడు ఫ్యాన్లు పెట్టారు. బేస్‌మెంట్‌లో ఉన్న చెమ్మ పీల్చే యంత్రాన్ని కూడా పైకి తెచ్చారు. ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి గంటగంటకీ గడ్డిని తిరగేశాడు. "నాకు జ్వరమొచ్చినప్పుడు రెండుసార్లు కూడా చూడలేదు," అని ఛాయాదేవి హాసినికి చెప్పింది. చెబుతూనే ఒక ఫ్యాన్‌ని కాస్త పక్కకి తిప్పింది, మూల గడ్డికి గాలి తగలడం లేదని.

శుక్రవారం మధ్యాహ్నం గరాజ్ నేల మీద దుప్పట్లు పరిచి కూర్చున్నారు. ఒకుమురా గారు ముందు గడ్డి మీది బయటి ఆకుల్ని వేళ్ళతో దువ్వి తీసేశాడు. తడిచేసిన గడ్డిని ఛాయాదేవి ఇచ్చిన పచ్చడిబండతో దంచాడు. గట్టిగా కాదు, బిడ్డని నిద్రపుచ్చుతున్నట్టు. అప్పుడు రెండు పాయలు తీసుకుని అరచేతుల మధ్య పెట్టాడు. చేతులు ఒకదాని మీద ఒకటి జారాయి, తాడు పుట్టింది. ఎక్కడ మొదలైందో ఎక్కడ అతుకు పడిందో కనపడలేదు. హాసిని ఇంకా ముందుకి వంగి చూసింది.

"మామూలు తాళ్ళు కుడివైపుకి పేనుతారట," అంది హరునా. "దేవుడి తాడు మాత్రం ఎడమవైపుకి. చేతులు ఎప్పుడూ చేసే పనికి తిరగబడి చెయ్యాలి."

తేజ ప్రయత్నించాడు. పేనినంతసేపూ తాడులాగే ఉంది. వదలగానే గిర్రున తిరిగి విప్పుకుని గడ్డిగా మారింది.

"నూడుల్స్ లెక్క అయిందిగద," అన్నాడు.

"నువ్వు వండిన నూడుల్స్ లాగా," అంది హాసిని. తనది అంతకన్నా ఘోరంగా ఉందని దాన్ని చున్నీ కింద దాచింది.

జగన్మోహన్ గారు కళ్ళజోడు సర్దుకుని, గేర్ల కోణాలు వేసినట్టు కాగితం మీద బాణం గుర్తులు వేసుకుని మరీ పేనాడు. అడుగు దాటేసరికి చేతులు అలవాటుకొద్దీ కుడివైపుకి పోయాయి.

టీ తెచ్చిన ఛాయాదేవి ట్రే కింద పెట్టింది. "ఇందులో అంత ఏముందండీ?" అంటూ కూర్చుని గడ్డి అందుకుంది. నలభై ఏళ్ళుగా రోజూ దేవుడి దీపానికి వత్తులు చేసిన చేతులు. మొదటి జానెడు వంకర పోయింది. రెండో జానెడు నిలబడింది. మూడో జానెడు దగ్గర ఒకుమురా గారు తన పని ఆపి ఆమె చేతులకేసి చూశాడు. ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఏమన్నాడు?" అంది ఛాయాదేవి చురుగ్గా.

"పదోవారు అన్నాడు," అంది హరునా. "మా ఊళ్ళో ఈ తాడు పేనగలిగినవాళ్ళు తొమ్మిది మందే."

ఛాయాదేవి సాయంత్రం దాకా అక్కణ్ణుంచి లేవలేదు. ఆ పూట వంట జగన్మోహన్ గారు చేశాడు. ఉప్మా.

శనివారం లైబ్రరీ ముందు రెండొందల మంది చేరారు. జెండాలు, బడిపిల్లల పాటలు, చేపల ఆకారంలో కేకు. ఒకుమురా గారు నీలం కోటు వేసుకుని తాడుని రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు. మణికట్టంత లావు, లేతాకుపచ్చ, తడిసిన పొలం వాసన. బెట్టీ ముట్టుకుని చూసి "ఓ మై" అంది. తరవాత టేపు తీసి కొలిచింది. ఏడడుగులు. రెండు మేపుల్ చెట్ల మధ్య పన్నెండు.

"పాపం," అంది బెట్టీ. "మిగతాది నైలాన్‌తో జోడిద్దామా? నా కారులోనే ఉంది."

హరునా ఆ మాటని చెప్పే లోపే ఒకుమురా గారు పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చాడు. ఎంత పెద్దగా అంటే మైకులో వినిపించింది. హాసినీ, తేజా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు.

ఆయన రెండు చెట్లనీ పరికించి, ఎడమవైపు చెట్టు దగ్గరికి నడిచి వంగాడు. తాడుని దాని మొదలు చుట్టూ తిప్పి ముడి వేశాడు. కొలిచి పేనినట్టు సరిపోయింది. తాడు నుంచి తెల్లకాగితం మడతలు వేలాడదీశాడు. ఆ తరవాత కోటు లోపలి నుంచి అరచెయ్యంత చెక్కముక్క తీసి ముడి పక్కన తగిలించాడు. దాని మీద నల్లసిరాతో నిలువుగా ఏవో అక్షరాలు.

"ఇది ఏటా కట్టాలి," అని హరునా మైకులో చెప్పింది. "తాడు పేనినవాళ్ళ పేరు ఎక్కడా రాయరు. గడ్డి ఏ మడిదో, ఆ మడి ఎవరిదో అదొక్కటే రాస్తారు." వేలితో చూపిస్తూ చదివింది. "మడి: మేపుల్ గ్రోవ్, మూడు నీలం టబ్బులు. రైతు: జగన్మోహన్."

ముందు తేజ చప్పట్లు కొట్టాడు, అందరికన్నా గట్టిగా. తరవాత జనమంతా కొట్టారు. వాట్సాప్ గ్రూపులోంచి వచ్చిన ఏడెనిమిది మంది ఫోన్లు పైకెత్తారు. జగన్మోహన్ గారు చెట్టు దగ్గరికి వెళ్ళాడు. చదవడం రాకపోయినా ఆ చెక్కని పై నుంచి కిందికి, మళ్ళీ పై నుంచి కిందికి చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకుని, ఇంకోసారి చూశాడు.

"అంకుల్, ఇటు చూడండి, ఫొటో," అంది హాసిని. ఆయన ఇటు చూడలేదు. ఆమె ఆయన వీపునే ఫొటో తీసింది.

ఛాయాదేవి ఆమె పక్కకొచ్చి నిలబడింది. మొగుణ్ణి చూసింది. తాడు చూసింది. తరవాత కొంగు సర్దుకుంటూ పన్నెండడుగుల అవతల వట్టిగా నిలబడ్డ రెండో మేపుల్ చెట్టుని చాలాసేపు చూసింది.

"హాసినీ."

"ఆంటీ?"

"ఆ పిల్లనొకసారి పిలువు. రెండు చెట్లకీ తాడు అందాలంటే ఎన్ని టబ్బులు కావాలో పెద్దాయన్ని కనుక్కోవాలి. మా వెనక పెరడు సరిపోకపోతే, ముందు లాన్ కూడా ఉంది."